పొగల కొండ, తీపి నీటి కడలి

బహ్రెయిన్‌లో అన్నింటికన్నా ఎత్తైన కొండ పేరు జబల్ దుఖాన్. అరబ్బీలో దుఖాన్ అంటే పొగ. పేరు వింటే ఎవరికైనా అగ్నిపర్వతమే గుర్తొస్తుంది. దగ్గరికి వెళ్తే పొగా ఉండదు, నిప్పూ ఉండదు. సుమారు 134 మీటర్ల సున్నపురాయి గుట్ట, దాని చుట్టూ చమురు గొట్టాలు, ఇసుక. తిరుమల మెట్లెక్కిన కాళ్లకు అది కొండగా కూడా తోచదు. ఉక్కపోత రోజుల్లో గుట్ట చుట్టూ అలముకునే మసకను చూసి ఆ పేరు పెట్టారంటారు.

దీవులు, ప్రకృతి వింతలు అనగానే మనసు అగ్నిపర్వతాల వైపు పోవడం సహజమే. 1835లో డార్విన్ దిగిన గాలాపగోస్, లావా పారే హవాయి, పత్రికల రంగుల పేజీలన్నీ వీటితోనే నిండుతాయి. తెలుగువాళ్లకూ నిప్పులోంచి పుట్టిన దీవులతో పాత చుట్టరికముంది. 19వ శతాబ్దంలో గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీలు దిగిన మారిషస్ అలాంటి దీవే. బయల్దేరిన రేవు పేరుతో అక్కడ వాళ్లను కోరంగీలన్నారు. శ్రీకాకుళం వలసజనం స్థిరపడిన అండమాన్‌కు తూర్పున, 1991లో మళ్లీ మేల్కొన్న బారెన్ దీవి నేటికీ అప్పుడప్పుడూ పొగ కక్కుతూనే ఉంది. దాన్ని పడవలోంచి చూడాల్సిందే తప్ప కాలు పెట్టనివ్వరు.

ఈ లెక్కన బహ్రెయిన్‌కు అసలు పోటీలో నిలిచే అర్హతే లేదు. ఎత్తు లేదు, అడవి లేదు, ఏడాది మొత్తం కురిసే వాన మన దగ్గర ఒక్క ముసురు రాత్రికి సమానం. అక్కడ పదేళ్లు పనిచేసి ఊరికొచ్చిన కరీంనగర్, నిజామాబాద్ మనుషులను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ‘ఏముంటది, ఎడారి, ఎండ, బిల్డింగులు.’ హైదరాబాద్ నుంచి నేరుగా విమానంలో నాలుగైదు గంటల్లో చేరి, మరో విమానం పట్టుకునేలోగా ఒకటి రెండు రోజులు ఆగే ప్రయాణికుల మాటా అదే.

ఆ మాట ఎంతవరకు నిజం? 33 దీవులుగా లెక్కలకెక్కి, సముద్రాన్ని పూడ్చడంతో ఇప్పుడు ఇంకా పెరిగిన ఈ దీవుల గుంపులో ప్రకృతిని వెతుక్కుంటూ వచ్చిన మనిషికి నిజంగా దొరికేదేమిటి, చేజారిపోయిందేమిటి? చిక్కంతా చూపులోనే ఉంది. అగ్నిపర్వత దీవిని తలెత్తి చూడాలి. బహ్రెయిన్‌ను తల వంచి చూడాలి. ఇక్కడి వింతలన్నీ నేల కిందో, నీటి కిందో, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే బయటపడే బురదలోనో ఉన్నాయి.

అరాద్: విమానం కింద బురద మేట

అలా చూడ్డం మొదలుపెట్టడానికి అరాద్‌ను మించిన చోటు లేదు. ముహర్రఖ్ దీవిలో, అంతర్జాతీయ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఊరది. దేశంలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరాద్ పక్కనే దిగి, దాన్ని చూడకుండానే రాజధాని మనామా వైపు కార్లో వెళ్లిపోతారు. ఊరి అంచున లోతు లేని చిన్న అఖాతం, దాని చుట్టూ నడకదారి, ఒక మూల 15వ శతాబ్దపు శైలిలో కట్టిన కోట. నలుచదరపు గోడలు, నాలుగు మూలలా గుండ్రటి బురుజులు. 1980ల్లో దాన్ని బాగుచేసినప్పుడు సిమెంటు వాడకుండా పగడపు రాయి, సున్నం, చెట్ల మొద్దులతోనే పని ముగించారు. పగడపు రాయి అంటే ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవుల గూళ్లే. కోట గోడ మీద చెయ్యి ఆనిస్తే, సముద్రపు అడుగునే తాకినట్టు.

అరాద్ పేరు కూడా చాలా పాతది. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఈ సముద్రంలోని అరాదోస్ అనే దీవిని ప్రస్తావించాడు. ఆ అరాదోసే నేటి ముహర్రఖ్ అనీ, ఆ పాత పేరు ఈ ఒక్క ఊరికి మిగిలిందనీ చరిత్రకారులు చెబుతారు.

ఇక అఖాతం. పోటు మీద ఉన్నప్పుడు అది మామూలు నీలి మడుగు. ఫొటో తీసుకుని పోవడానికి సరిపోతుంది. ఆటు మొదలయ్యాకే అసలు కథ. నీరు వెనక్కి జరిగేకొద్దీ బూడిదరంగు బురద మేటలు తేలతాయి. వాటి మీద వేల చిన్న చిన్న రంధ్రాలు, ఒక్కోదాని ముందు మినపగింజంత ఇసుక ఉండలు, వాటిని పేర్చి పారిపోయే పీతలు. వాటి వెనకే కొంగలు, ఉల్లంకులు, శీతకాలంలో పొడుగు కాళ్ల ఫ్లెమింగోలు. సైబీరియా, మధ్య ఆసియాల నుంచి ఆఫ్రికా వైపు సాగే వలస దారిలో బహ్రెయిన్ ఒక మజిలీ. పులికాట్ సరస్సులో, నేలపట్టులో విడిది చేసే పక్షుల దాయాదులు కొన్ని ఇక్కడ ఆగుతాయి. అఖాతాన్ని ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. పక్షి తల మీదుగా పెద్ద విమానం గర్జిస్తూ దిగుతుంటుంది. పక్షి మాత్రం ముక్కు బురదలోంచి తియ్యదు.

రెండు సముద్రాలు

అరబ్బీలో బహ్ర్ అంటే సముద్రం, బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలు. ఆ రెండూ ఏవన్న దానికి రకరకాల వ్యాఖ్యానాలున్నాయి. అందరికీ నచ్చేది ఒకటే: పైన ఉప్పు సముద్రం, కింద తీపి సముద్రం.

ఇది కవి కల్పన కాదు. సౌదీ అరేబియా తూర్పు భాగం నుంచి గల్ఫ్ అడుగు వరకు సున్నపురాయి పొరలు వాలుగా పరుచుకుని ఉన్నాయి. వేల ఏళ్ల కిందట, ఆ ఎడారి ఇంతకన్నా పచ్చగా ఉన్న కాలంలో కురిసిన వానలు ఆ పొరల్లోకి ఇంకాయి. పైనుంచి గట్టి పొర మూతలా బిగించి ఉండటంతో నీరు ఒత్తిడికి లోనై, బహ్రెయిన్ దగ్గర రాయి పగిలిన చోటల్లా పైకి తన్నుకొచ్చింది. నేల మీద ఊటలైంది. సముద్రం అడుగున కూడా ఊటలైంది. ఉప్పునీటి మధ్య గుబగుబమంటూ మంచినీరు! ముత్యాల గజ ఈతగాళ్లు తోలు తిత్తి పట్టుకుని మునిగి, ఊట మూతి మీద దాన్ని నొక్కి నింపుకుని పైకొచ్చేవారు. నడిసముద్రంలో దాహానికి అదే బావి.

సుమేరియన్లు నాలుగు వేల ఏళ్ల కిందటే దిల్మున్ అనే పుణ్యభూమిని వర్ణించారు. అక్కడ ఎన్‌కీ దేవుడు భూమిలోంచి తీపి నీటిని పుట్టించాడన్నారు. ఆ దిల్మున్‌కు కేంద్రం బహ్రెయినేనని పురావస్తు పండితుల నమ్మకం. పురాణ వీరుడు గిల్గమేష్ కాళ్లకు రాళ్లు కట్టుకుని నీటి అడుక్కి దిగి, మరణం లేకుండా చేసే మొక్కను తెచ్చిన ఘట్టం విన్నవాళ్లకు, రాయి కట్టుకుని మునిగే ముత్యాల వేటగాడు గుర్తుకు రాక మానడు.

ఇప్పుడా ఊటలు ఎక్కడ? సమీక్ష రాసే కలం తడబడేది ఇక్కడే. 1920ల తర్వాత గొట్టపు బావులు వచ్చాయి, జనం పెరిగారు, తోటలు పెరిగాయి. పొరల్లోని ఒత్తిడి తగ్గింది, ఊటలు ఒక్కొక్కటే ఎండాయి, మిగిలిన భూగర్భ జలంలోకి ఉప్పు చొరబడింది. నేడు కుళాయిలో వచ్చేది ఎక్కువగా ఉప్పు తీసేసిన సముద్రపు నీరే. మనామా దగ్గర్లో ఒకప్పుడు పిల్లలు ఈత కొట్టిన అధారి ఊట మీద ఓ సామెత కూడా పుట్టింది. దూరపు తోటలను తడుపుతుంది, దగ్గరివాటిని ఎండబెడుతుంది అని. కాలువలు పల్లంలో ఉన్న దూరపు తోటలకే పారేవి మరి. ఆ సామెత అర్థం గల్ఫ్‌లో ఉన్న తెలుగు కూలీకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అధారి పక్కన ఇప్పుడు వినోదాల పార్కు ఉంది. చెరువులో నీరు దానంతటదే ఊరదు.

ముత్యపు చిప్పల మేటలు

ఉప్పు, తీపి కలిసే ఈ నీళ్లే ఇక్కడి ముత్యాలకు అంత మెరుపునిచ్చాయని పాత వ్యాపారులు నమ్మేవారు. శాస్త్రం దాన్ని పూర్తిగా ఒప్పుకోకపోయినా, లోతు తక్కువ, వెచ్చదనం ఎక్కువ ఉన్న నీళ్లు చిప్పలకు అనువైనవనడంలో వివాదం లేదు. గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. చార్మినార్‌ను తీసుకెళ్లి నిలబెడితే మినార్ల కొసలు నీటిపైకి కనిపిస్తాయి. మంచుయుగంలో ఇదంతా పొడి లోయ. సముద్రం తర్వాత వచ్చి నింపింది. అందుకే ఇక్కడ చిప్పల మేటలు మనిషి ఊపిరికి అందే దూరంలో ఉన్నాయి.

వేసవి నాలుగు నెలలు పడవలు ఆ మేటల మీదే ఉండేవి. పడవ పెద్ద నఖుదా, మునిగేవాడు గైస్, తాడు లాగేవాడు సైబ్. ముక్కుకు కొమ్ముతో చేసిన బిగింపు, కాలికి రాయి, మెడలో బుట్ట. ఒక్కో గైస్ రోజుకు పదుల సార్లు మునిగేవాడు. ముందుగా తీసుకున్న అప్పు సీజన్ ముగిసేసరికి తీరకపోతే మరుసటి ఏడు మళ్లీ అదే పడవెక్కాలి. ఏజెంటుకు కట్టేందుకు చేసిన అప్పు తీర్చడానికి ఒప్పందం పొడిగించుకునే నేటి వలస కార్మికుడికి ఆ లెక్క కొత్తేమీ కాదు.

ఆ ముత్యాల్లో ఎక్కువ భాగం బొంబాయి చేరి, అక్కడ వేరుచేసి, తొలిచి, ప్రపంచానికి వెళ్లేవి. హైదరాబాద్ పత్తర్‌గట్టీ దుకాణాల్లో బస్రా ముత్యాలన్న పేరుతో పెద్దవాళ్లు దాచుకున్న వరసల్లో చాలావాటి పుట్టిల్లు ఈ గల్ఫ్ నీళ్లే. ముత్యాల నగరం అని చెప్పుకునే ఊరికి సముద్రం లేదు కదా అని ఆశ్చర్యపోయే పిల్లలకు జవాబు ముహర్రఖ్ తీరంలో దొరుకుతుంది. 1912లో పారిస్ నగల వ్యాపారి జాక్ కార్టియే కూడా బేరానికి ఇక్కడికే వచ్చాడు. తర్వాత జపాన్ సాగు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తాయి, 1929 మాంద్యం వచ్చిపడింది. పడవలు ఒడ్డుకు చేరాయి.

నేటి యాత్రికుడికి ఆ చరిత్ర రెండు రూపాల్లో అందుతుంది. ఒకటి, 2012లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ముత్యాల దారి. ముహర్రఖ్‌లోని 17 భవనాలు, దక్షిణ కొసన బూ మాహిర్ కోట, చిన్న తీరం ముక్క, నడిసముద్రంలోని మూడు చిప్పల మేటలు అందులో ఉన్నాయి. భవనాలతో పాటు నీటి అడుగు మేటలనూ వారసత్వంగా గుర్తించడం ఈ జాబితాలో అరుదైన సంగతి. మూడున్నర కిలోమీటర్ల నడకలో పాత వర్తకుల ఇళ్లు, గాలిని కిందికి దింపే బురుజులు చూడొచ్చు. రెండోది, మునగడమే. 2017 నుంచి అనుమతి పొందిన సంస్థలు పర్యాటకులను చిప్పల మేటల మీదికి తీసుకెళ్తున్నాయి. మనిషికి 60 చిప్పల దాకా ఏరుకోవచ్చు. ముత్యం దొరికితే సొంతం. చాలామందికి దొరికేది ఖాళీ చిప్పే అయినా, ఈ దీవుల్లో ఒళ్లు తడిపి చూడాల్సిన వింతల్లో ఇదొకటి.

కొండ, చమురు, జమ్మి

మళ్లీ పొగల కొండ దగ్గరికి. బహ్రెయిన్ ప్రధాన దీవి మొత్తం భూమి లోపలి నుంచి పైకి ఉబ్బిన గుమ్మటం. దానికి కారణం కరిగిన రాయి కాదు. లోతుల్లోని ఉప్పు పొరల కదలికే దాన్ని పైకి నెట్టిందని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. గుమ్మటం నెత్తిని గాలీ వానా అరగదీస్తే మధ్యలో పళ్లెంలాంటి పల్లం మిగిలింది. ఆ పల్లం నడుమ అరగకుండా నిలిచిన ముక్కే జబల్ దుఖాన్. అంచుల్లో నిలువు గట్లు, కిందికి దిగే మెట్ల లాంటి రాతి పొరలు. కెమెరాకు పెద్దగా చిక్కవు. రాళ్లు చదవగలిగినవాడికి మాత్రం ఐదు కోట్ల ఏళ్ల నాటి సముద్రపు మట్టి కాళ్ల కిందే ఉంటుంది.

గుమ్మటమంటే బోర్లించిన గిన్నె. నీరైనా నూనైనా దాని కింద చిక్కుకుంటుంది. 1932లో ఈ కొండ పాదాన తవ్విన బావిలో చమురు పడింది. గల్ఫ్ అరబ్ తీరంలో అదే మొదటిది. ఆ మొదటి బావిని గుర్తుగా ఉంచారు, పక్కనే మ్యూజియం కట్టారు. ముత్యాలు చితికిపోతున్న ఏళ్లలోనే చమురు పడటం బహ్రెయిన్ అదృష్టమని చరిత్ర పుస్తకాలన్నీ రాశాయి. తెలుగు పల్లెల నుంచి గల్ఫ్‌కు సాగిన దారి కూడా దూరదూరంగా ఈ గుంత నుంచే మొదలైంది.

అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, చుట్టూ మరో పచ్చని కొమ్మ లేని ఇసుకలో, ఒక చెట్టు. షజరత్ అల్ హయాత్, అంటే జీవన వృక్షం. ఎత్తు పది మీటర్లకు కాస్త తక్కువ, వయసు 400 ఏళ్లకు పైమాటే. పొడుగాటి కొమ్మలు బరువు మొయ్యలేక నేల మీద మోచేతులానించి మళ్లీ లేస్తాయి. బహ్రెయిన్ వచ్చిన ప్రతి పర్యాటకుడూ ఇక్కడ ఆగి, నీరు లేని చోట ఇదెలా బతికిందని అడుగుతాడు. గైడ్లు ఏదెను తోట దగ్గర్నుంచి ఎన్‌కీ దేవుడి దాకా రకరకాల కథలు చెబుతారు.

తెలుగువాడికి అంత దూరం పోనక్కర్లేదు. ఈ చెట్టును వృక్షశాస్త్రం గుర్తించిన పేరు ప్రోసోపిస్ సినరేరియా. అంటే జమ్మి. విరాటపర్వంలో పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, దసరా సాయంత్రం ‘బంగారం’ అంటూ ఆకులు పంచుకుని పెద్దవాళ్ల కాళ్లకు మొక్కే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. అరబ్బులు దీన్ని గాఫ్ అంటారు. రాజస్థాన్‌లో ఖేజ్రీ. ఎక్కడున్నా దాని గుట్టు ఒకటే: పైన చిన్న ఆకు, కింద పొడుగు వేరు. పదుల మీటర్ల లోతుకు దిగి తేమను అందుకుంటుంది. బహ్రెయిన్ చెట్టు వేళ్లు 50 మీటర్ల దాకా వెళ్లి ఉంటాయని చెబుతారు. 2010లో చెట్టు దగ్గర జరిగిన తవ్వకాల్లో 500 ఏళ్ల నాటి కుండ పెంకులు, పాత కట్టడపు గుర్తులు బయటపడ్డాయి. అంటే చెట్టు నిలిచిన చోట ఒకప్పుడు మనుషుల ఊరుండేది. ఊరికి నీరుండేది. అద్భుతం కాస్త తగ్గినా, అర్థం పెరిగింది.

ప్రపంచ ప్రకృతి వింతల పోటీకి ఈ చెట్టునూ పంపారు, గెలవలేదు. కొమ్మల మీద పేర్లు చెక్కేవాళ్ల బెడద పడలేక చుట్టూ కంచె కట్టారు. దసరా నాడు జమ్మి దొరకలేదని దిగులుపడే గల్ఫ్ తెలంగాణవాళ్లు కంచె ఇవతల నుంచి దండం పెట్టుకోవచ్చు. ఆకు తెంపడం మాత్రం కుదరదు.

పన్నెండు మీటర్ల దీవి

కొలతల్లో ఈ దేశపు అతి చిన్న వింత జరాదా. ప్రధాన దీవికి తూర్పున, ఖతార్ వైపు నీళ్లలో ఉన్న ఇసుక దిబ్బ. ఆటు సమయంలో సుమారు 600 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పున తెల్లటి చాపలా పరుచుకుంటుంది. పోటు మీద దాదాపు 12 మీటర్లు, 4 మీటర్లు. ఎత్తు 0.4 మీటర్లు. ఈ అంకెలు పర్యాటక కరపత్రంలోవి కావు, అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పులోవి. బహ్రెయిన్, ఖతార్‌ల సరిహద్దు తగవు మీద హేగ్‌లో 2001 మార్చి 16న తీర్పు వెలువడింది. పోటు మీద కూడా పూర్తిగా మునగదు గనుక జరాదా దీవేనని న్యాయమూర్తులు తేల్చి, దాన్ని బహ్రెయిన్‌కిచ్చారు. మునిగిపోయే పక్క దిబ్బ ఫష్త్ అద్ దిబల్ ఖతార్‌కు పోయింది. కోనసీమలో ఏటికోసారి తేలే లంక ఎవరిదన్న తగవు చూసినవాళ్లకు ఈ వ్యాజ్యం ఇట్టే అర్థమవుతుంది.

సెలవు రోజుల్లో పడవలు కట్టించుకుని జనం జరాదాకు పోతారు. గొడుగు పాతి, అన్నం గిన్నెలు విప్పి, మోకాటి లోతు పచ్చ నీటిలో పిల్లలను వదిలి, నీరు పెరుగుతుండగా సర్దుకుని వచ్చేస్తారు. చూడ్డానికి ఇసుక, నీరు తప్ప ఇంకేం లేదు. కాని నేల కాళ్ల కింద కుంచించుకుపోవడం అనుభవించాలంటే ఇంత తేలికైన చోటు ఇంకోటి దొరకదు.

హవార్: పక్షులు, కడలి ఆవులు

అదే తీర్పుతో బహ్రెయిన్‌కు ఖాయమైనవి హవార్ దీవులు. ఖతార్ తీరానికి రెండు కిలోమీటర్లు కూడా లేవు, బహ్రెయిన్‌కు ఇరవైకి పైగా ఉన్నాయి. మారుమూల దీవులన్న మాట ఈ దేశంలో దేనికైనా వర్తిస్తే వీటికే. ఒక పెద్ద దీవి, దాని చుట్టూ పిల్ల దీవులు. 1997లో వీటికి రామ్సార్ చిత్తడి నేలల గుర్తింపు దక్కింది.

హవార్ పేరు పక్షుల పుస్తకాల్లో నిలిచింది సొకోత్రా నీటికాకి వల్ల. గల్ఫ్‌లోనూ, అరేబియా దక్షిణ తీరంలోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా గుడ్లు పెట్టని నల్లటి పక్షి. చలికాలం ముందు నుంచే ఇక్కడి దీవుల మీద నేలనే గూడు చేసుకుని వేలకు వేలు ఒక్కచోట చేరతాయి. ఈ జాతికి ప్రపంచంలోనే పెద్ద కాలనీ ఇక్కడిదని పరిశోధకులు రాశారు. ఉదయం మేతకు లేచినప్పుడు నీటి మీద నల్లటి తాడు లాగినట్టు సాగే ఆ వరస కిలోమీటర్ల పొడవుంటుంది. వాసన కూడా కిలోమీటర్ల పొడవే. దగ్గరికి పోతే తల్లి లేచిపోయి గుడ్లు ఎండకు మాడతాయి. అందుకే దూరం నుంచి దుర్భిణితో చూడ్డమే పద్ధతి.

నీటి కింద ఇంకా పెద్ద వింత ఉంది. బహ్రెయిన్, ఖతార్‌ల నడుమ సముద్రపు గడ్డి మైదానాలు ఉన్నాయి. వాటిని మేసే డుగాంగ్‌ను మన వాళ్లు కడలి ఆవు అంటారు. నిజానికి ఆ పోలిక సరిగ్గా అతికింది. 1983లో ఇరాక్‌తో యుద్ధం వల్ల ఇరాన్ వైపు చమురు బావులు పగిలి నూనె ఒలికినప్పుడు డుగాంగ్‌లు చచ్చి తీరానికి కొట్టుకొచ్చాయి. ఇక ఏవో కొన్నే మిగిలాయనుకున్నారు. అప్పుడు విమానంలోంచి లెక్క కట్టడానికి బయల్దేరిన శాస్త్రజ్ఞులకు 1986లో ఈ నీళ్లలో ఒకే మందలో 674 కనిపించాయి. ఒక్కచోట అన్ని డుగాంగ్‌లను అంతకు ముందు ఎవరూ నమోదు చెయ్యలేదు. ఆస్ట్రేలియా తర్వాత ప్రపంచంలో ఈ జంతువుకు పెద్ద ఆశ్రయం గల్ఫేనని అప్పుడే తేలింది. మన దేశంలో, తమిళనాడు పాక్ అఖాతంలో, 2022లో ప్రత్యేకంగా రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసి కాపాడుకుంటున్న డుగాంగ్‌లు దేశమంతా కలిపి వందల్లోనే. యాత్రికుడికి హవార్‌లో డుగాంగ్ కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఊపిరికి ముక్కు బయటపెట్టి మరుక్షణం మునిగే జంతువది.

పూడికలు

పటంలో బహ్రెయిన్ ఏటేటా లావెక్కుతోంది. అర్ధశతాబ్దంలో సముద్రాన్ని పూడ్చి కలుపుకున్న నేల వంద చదరపు కిలోమీటర్లు దాటింది. ఇప్పుడు దేశం విస్తీర్ణం 780కి పైగా. అరాద్ చుట్టుపక్కల తీరాలు కూడా ఆ పని వల్ల రూపు మారినవే. చేపలు గుడ్లు పెట్టే బురద, గడ్డి మైదానం, చిప్పల మేట, ఏదైనా సరే పూడికకు అడ్డం వచ్చింది పటంలోంచి చెరిగిపోతుంది.

దీనికి తార్కాణం తుబ్లీ అఖాతం. మనామాకు దక్షిణాన, దేశంలో సహజంగా మిగిలిన మడ అడవి ఇక్కడి రాస్ సనద్‌లోనే ఉంది. రామ్సార్ గుర్తింపు దీనికీ ఉంది. అయినా పూడికల వల్ల అఖాతం దాదాపు సగానికి కుంచించుకుపోయింది. కాకినాడ పక్కన కోరంగి అభయారణ్యంలో చెక్కవంతెన మీద నడిచినవాళ్లకు ఈ మడలు మరుగుజ్జుల్లా కనిపిస్తాయి. అక్కడ గోదావరి తీపి నీరు పోసి పెంచుతుంది, ఇక్కడ నది లేదు. ఉప్పు, ఎండ, చలి మూడింటినీ ఓర్చుకునే అవిసీనియా మెరీనా ఒక్క జాతే నిలబడింది. అదే జాతి కోరంగిలోనూ ఉంది. 2035 నాటికి మడ విస్తీర్ణాన్ని నాలుగింతలు చేస్తామని 2021 గ్లాస్గో వాతావరణ సదస్సు సమయంలో ప్రభుత్వం మాటిచ్చింది. అరాద్ తీరంలోనూ మొలకలు నాటారు.

పగడాల సంగతి ఇంకా బరువైనది. వేసవిలో 35 డిగ్రీలు దాటే నీళ్లలో బతకడం నేర్చుకున్న గల్ఫ్ పగడాలు ప్రపంచంలో అత్యంత మొండివని పేరు. 1996, 1998లలో నీరు అంతకన్నా వేడెక్కినప్పుడు అవీ తెల్లబారి, తూర్పు వైపు ఫష్త్ అల్ అద్మ్ లాంటి చోట్ల చాలావరకు చచ్చిపోయాయి. డైవింగ్ కోసం వచ్చేవాళ్లకు ఇప్పుడు బహ్రెయిన్ ఎక్కువగా ప్రచారం చేసేది పగడాలను కాదు, విమానాన్ని. 2019లో సుమారు 70 మీటర్ల పొడవైన పాత బోయింగ్ 747ను శుభ్రం చేసి ముహర్రఖ్ ఉత్తరాన సముద్రంలో 20 మీటర్లకు పైగా లోతున ముంచారు. దాని రెక్కల మీద కొత్త జీవులు అంటుకుంటాయని ఆశ. చేపలైతే చేరాయి.

ఏది ముందు, ఏది తర్వాత

కాలం, ఖర్చు లెక్కేసుకుని చూస్తే వరస ఇలా వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకానే ప్రకృతి యాత్రకు అనువు. మే తర్వాత పగటి వేడి 40 దాటుతుంది, గాలిలో తేమ ఊపిరాడనివ్వదు. ఒక్క పూటే ఉన్నవాళ్లకు అరాద్ అఖాతం, అక్కడి నుంచి ముహర్రఖ్ ముత్యాల దారి చాలు. పెద్దగా ఖర్చు లేదు, కావలసింది ఆటు ఏ గంటకో ముందుగా చూసుకోవడమే. ఒక రోజుంటే కారు మాట్లాడుకుని జమ్మి చెట్టు, పొగల కొండ, మొదటి బావి, దారిలో 1976లో మొదలైన అల్ అరీన్ పార్కులో తెల్లటి అరేబియా ఓరిక్స్ జింకలు. సాయంత్రపు వెలుగులో వెళ్తే చెట్టు నీడ చెట్టుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. శుక్రవారం ఒక్కటే సెలవున్న కార్మికులకు నలుగురైదుగురు కలిసి పంచుకునే జరాదా పడవ ప్రయాణం చవక. హవార్‌కు మాత్రం ఓపిక, డబ్బు రెండూ కావాలి. పక్షుల మీద మనసున్నవాళ్లకే అది గిట్టుబాటు. తుబ్లీ మడలను పక్షుల కాలంలో చూడాలి, వేసవిలో వాసన తప్ప మరేం మిగలదు. ముంచిన విమానం డైవింగ్ తెలిసినవాళ్లకు. పగడాల కోసమే వచ్చేవాళ్లు మరో సముద్రం చూసుకోవడం మేలు.

అగ్నిపర్వతం కావాల్సినవాళ్లు ఇక్కడ నిరాశపడతారు. నీరు ఎలా నడుస్తుందో చూడాలనుకునేవాళ్లకు ఇంత చిన్న దేశంలో ఇన్ని మలుపులు దొరకడం అరుదు. రాతి పొరలో దాగిన నీరు ముత్యాల వేటగాళ్ల దాహం తీర్చింది, జమ్మి వేరును పట్టి ఉంచింది. ఉప్పు నీరు జరాదాను రోజుకు రెండుసార్లు గీసి చెరుపుతుంది.

అరాద్ కోట దగ్గర సాయంత్రం నమాజు పిలుపు వినిపించేసరికి దీపాలు వెలుగుతాయి. కట్ట మీద కేరళ, బంగ్లాదేశ్, జగిత్యాల మనుషులు వేర్వేరు గుంపులుగా కూర్చుని ఫోన్లలో ఇళ్లకు మాట్లాడుకుంటుంటారు. ఎదురుగా బురద మేట మీద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. పోటు మొదలై నీరు దాని మోకాలి దాకా వచ్చాక, అది రెండో కాలు దించి నాలుగడుగులు ఒడ్డు వైపు జరుగుతుంది.